ఆపుకున్న దగ్గు

నవంబర్ 3, ఆదివారం

జనగామ నుంచి ఇప్పుడే వచ్చాను. సంచిలో పంపు ఉంది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కాయన ఏం కూర పట్టుకపోతున్నవ్ సారూ అని అడిగాడు.

ఫహీమ్ అక్కడ కార్ల ఎలక్ట్రీషియన్. అతని షెడ్డు వెనక ఒక పాత ఫారిన్ కారును ముక్కలు చేస్తున్నాడు. అందులో క్రూజ్ కంట్రోల్ ఉందట. హైవే మీద కాలు తీసేసినా కారు ఒకే స్పీడులో పోతుంది. అందుకోసం గాలి పీల్చి కేబుల్‌ను లాగే చిన్న వాక్యూమ్ పంపు ఒకటి. పన్నెండు వోల్టులు, రెండు పిడికిళ్లంత. మన రోడ్ల మీద ఇది ఎవనికి కావాలె సార్, మూల తిరిగితే బర్రెలే ఎదురొస్తయి అన్నాడు.

బర్రె అనగానే ఐడియా వచ్చింది.

నేను అద్దెకుండే ఇల్లు పుష్పమ్మది. ముందు గది నాది, వెనక రెండు గదులు ఆమెవి, కొట్టం బర్రెది. మొన్న ఎండాకాలంలో పుష్పమ్మ జారిపడి కుడి మణికట్టు విరిగింది. సరిగ్గా అతకలేదు. పాలు పిండుతుంటే నొప్పికి మూలుగుతుంది. గోడ ఇవతల నాకు వినిపిస్తుంది. నాతోని కాదు సారూ, అమ్మేస్త అని నెల రోజులుగా అంటోంది. అమ్మితే ఆమెకు ఇంకో ఆధారం లేదు.

ఫిజికల్ సైన్స్ టీచర్‌ని. ఇన్నేళ్లకు ఒక పనికొచ్చే పని దొరికింది.

నవంబర్ 9

అసలు తెలివి ఫహీమ్‌ది. అది ఒప్పుకోవాలి.

పంపు పక్కన గాలిని లోపలికి వదిలే చిన్న వాల్వ్ ఉంది. దానికి ఆటో ఇండికేటర్ ఫ్లాషర్ కలిపాడు. టక్ టక్ అని కొట్టుకున్నప్పుడల్లా వాల్వ్ తెరుచుకుంటుంది. పట్టు వదులుతుంది, మళ్లీ పడుతుంది. దుడ్డె తాగినట్టే సార్, ఒకసారి గుంజుడు ఒకసారి ఇడుసుడు అన్నాడు. గీ రంధ్రం మాత్రం మూసుకుపోకుండ సూస్కోండ్రి, పాణం ఉన్నదానికి పెడుతున్నరు అని రెండుసార్లు చెప్పాడు.

ఇరవై ఏళ్లుగా పీడనం పాఠం చెప్తున్నవాణ్ణి. నాకు చెప్తున్నాడు చూడు అనుకుని నవ్వుకున్నాను.

మిగతాది నేను చేశాను. పెద్ద సిరంజీల గొట్టాలు, అంచులకు సైకిల్ ట్యూబు రబ్బరు, గాస్కెట్ మూత వేసిన స్టీలు క్యాను, పాత బండి బ్యాటరీ.

నవంబర్ 10, ఉదయం 6:10

పాలు వచ్చాయి!

నవంబర్ 12

పుష్పమ్మ ఇవాళ మూలగలేదు. క్యాను పక్కన పీట వేసుకుని టీ తాగింది. నా పాణం లేశొచ్చింది సారూ అంది.

కాకపోతే స్లో. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

గంగి కూడా వచ్చి చూసింది. పక్క తండా మనిషి, అరవై దాటి ఉంటాయి. రోజూ పొద్దున్నే పచ్చిగడ్డి మోపు తెచ్చి వేస్తుంది, గిలాసెడు పాలు పట్టుకుపోతుంది. వాళ్లిద్దరి మధ్య ఎన్నేళ్లుగానో అదే లెక్క. గొంతుకూర్చుని గొట్టంలోకి తొంగిచూసి, బర్రెకు నొప్పి కాదా సారూ అని అడిగింది. కాదు అని వాల్వ్ చూపించి వివరంగా చెప్పాను. నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

నవంబర్ 13

హెడ్‌మాస్టర్ ఎవరో విలేకరికి చెప్పాడు. రేపు సాయంత్రం వీడియో తీయడానికి వస్తారట.

ఇరవై ఐదు నిమిషాలు ఎవడు చూస్తాడు? ఇంత సేపట్ల నేనే పిండుదును కదా అని ఎవడో ఒకడు అంటాడు. అనకుండా ఉండరు మనవాళ్లు.

నవంబర్ 14, మధ్యాహ్నం

చిన్న మార్పు చేశాను. వాల్వ్ రంధ్రానికి గోరంత ఎంసీల్, పైపుల లీకులు మూసే ముద్ద, పెట్టాను. ఇక పట్టు వదలదు, ఏకధాటిగా గుంజుతుంది. బర్రె చన్ను గట్టిది, ఆమాత్రం కావాలి. వీడియో అయ్యాక తీసేస్తాను.

రాత్రి భోజనానికి ముందు

తొమ్మిది నిమిషాలు!

ఊళ్లో సగం మంది కొట్టం ముందే ఉన్నారు. చప్పట్లు కొట్టారు. విలేకరి రెండు మాటలు చెప్పమంటే చెప్పాను. పల్లెలకు కావలసింది సైన్స్, ఇంకా దిష్టీ చేతబడీ అంటూ కూర్చుంటే లాభం లేదు అన్నాను. నా గొంతు బాగా వచ్చింది. వీడియో మూడుసార్లు చూసుకున్నాను.

గంగి జనంలోంచి ముందుకు వచ్చి, అబ్బ ఎన్ని పాలు, పొదుగు కుండ లెక్కున్నది అంది. పుష్పమ్మ మొహం మాడింది. నిండు పొదుగును చూసి అలా పైకి అనకూడదట. నాకు నవ్వొచ్చింది.

రంధ్రం మూసి ఉన్నా ఫ్లాషర్ మాత్రం టక్ టక్ అంటూనే ఉంది. వినేవాడికి ఏ తేడా తెలియదు.

నవంబర్ 16

పేపర్లో వచ్చింది. ఫొటోలో నా కంటే బర్రె బాగుంది. భూపాలపల్లి నుంచి నా భార్య సుజాత ఫోన్ చేసి, కటింగ్ అల్మారాకు అంటిచ్చిన అని చెప్పింది.

ఎంసీల్ తీయలేదు. తొమ్మిది నిమిషాలు ఎవరికి చేదు?

నవంబర్ 18, ఉదయం 5:50

పాలు గులాబీ రంగులో ఉన్నాయి.

అదే రోజు, ఉదయం 10:30, స్టాఫ్ రూం

థర్డ్ పీరియడ్ ఖాళీ. ఇప్పుడే రాసేస్తాను.

వెనక కుడివైపు చన్ను ఉబ్బింది. దాని మొదలు దగ్గర నల్లగా రింగు పడింది, సిరంజి అంచు ఆనేచోట. ముట్టుకోబోతే బర్రె తన్నింది. ఎన్నడూ తన్నని బర్రె. పుష్పమ్మ క్యానులోకి చూసి, అయ్యో నెత్తురు సారూ, నెత్తురు అని నేల మీద కూలబడింది.

డాక్టరుకు ఫోన్ చేస్తానని చెప్పి నా గదిలోకి వచ్చాను. ముందు బ్లేడుతో ఎంసీల్ గీకేశాను. తరవాత ఫోన్ చేశాను. ఆ వరుస ఇక్కడ రాసిపెడుతున్నాను, రేపెప్పుడైనా మార్చి చెప్పుకోకుండా.

పశువుల డాక్టరు ఇంజెక్షన్లు చేశాడు, చన్నులోకి మందు ఎక్కించాడు. గుంజుడు ఎక్కువైందా సార్ అని అడిగాడు. మామూలుగానే అడిగాడు. నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని, అబ్బే, ఇదిగో వినండి అని స్విచ్ వేశాను. టక్ టక్. ఆయన తలూపాడు. సైన్స్ సార్లు, మీకు తెల్వదా, ఇన్‌ఫెక్షన్ కావొచ్చు అన్నాడు.

అవునన్నాను.

నవంబర్ 19

పుష్పమ్మ తేల్చేసింది. దిష్టి. కుండ లెక్కున్నదని అన్నదెవరు? గంగి. అన్న నాలుగో నాడే నెత్తురు.

దిష్టి అనేది ఉండదు పుష్పమ్మా అన్నాను. మరి ఏమైంది సారూ అని అడిగింది. నా మొహంలోకి సూటిగా చూస్తూ, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

బడికి టైం అయిందన్నాను.

నవంబర్ 20, ఉదయం 7:30

ఇది రాయకుండా బడికి పోతే ఇంకెప్పుడూ రాయను.

దిష్టి తీయాలంటే పెట్టినవాళ్ల కాలి కింది మన్ను కావాలట. వాళ్లకు తెలియకుండా తీయాలి. పుష్పమ్మ పొద్దున్నే నా తలుపు కొట్టి, ముసల్ది గడ్డి తెస్తది, జర మాటల్ల పెట్టు సారూ, నేను ఎనకనుంచి ఎత్తుకుంట అంది.

పెట్టాను.

గంగి మోపు దించగానే కూతురు ఎట్లుంది అని అడిగాను. ఇన్నాళ్లలో ఎన్నడూ అడగనివాణ్ణి. ఆమె మొహం విప్పారింది. ప్రియకు నెలలు నిండాయట. మరిపెడ అవతల తండాలో అత్తగారిల్లు. అల్లుడు తుల్సీరాం మంచి పిలగాడు. తొలి కాన్పు కాబట్టి వచ్చే ఐతారం ఇంటికి తెచ్చుకుంటుందట. ఇంటికి సున్నం కూడా వేసిందట. కొత్త చీర కొంగు చింపి పిల్లకు బొంతలు కుట్టిన సారూ అని చెప్తూ ఉంది. ఆమె వెనక పుష్పమ్మ విస్తరాకు ముక్కతో అడుగుజాడ లోంచి మన్ను ఎత్తుతోంది.

ఆకు చప్పుడైంది. గంగి తిరిగి చూసింది.

నా వైపు ఒకసారి చూసింది. పాలకోసం తెచ్చిన గిలాస అరుగు మీదే వదిలేసి వెళ్లిపోయింది.

సాయంత్రం

నిప్పుల మీద ఉప్పు, ఎండుమిరపకాయలు, ఆ మన్ను వేశారు. ఘాటుకు దగ్గొస్తే దిష్టి లేనట్టు. రాకపోతే ఉన్నట్టే. అందరికీ తెలిసిన పరీక్ష. మా ఇంట్లో మా అవ్వ కూడా చేసేది. ఆరుగురు ఆడవాళ్లు, పుష్పమ్మ, నేను. కొట్టానికి గోడలు రెండే, గాలి అటునుంచి ఇటు కొడుతోంది. ఆడవాళ్లంతా గాలికి ఎగువన నిలబడ్డారు. వాళ్లకు దగ్గెందుకొస్తుంది? పొగంతా నామీదికే వచ్చింది. ఏడో తరగతి పిల్లలైనా చెప్పగలరు.

గొంతులో నిప్పు పడ్డట్టయింది. దగ్గు ఇక్కడిదాకా వచ్చింది. దగ్గితే, ఇదుగో సారుకు వచ్చింది, దిష్టి కాదు అంటారు. మరి ఏమైంది సారూ అని పుష్పమ్మ మళ్లీ అడుగుతుంది.

ఆపుకున్నాను. తేలు కుట్టిన దొంగలా పళ్లు బిగబట్టి నిలబడ్డాను. కళ్లమ్మట నీళ్లు కారాయి. అవ్వో, సారు గుడ ఏడుస్తుండు బర్రె కోసం అంది ఎవరో ఆవిడ.

నవంబర్ 24, ఆదివారం, భూపాలపల్లి

సుజాత ఇక్కడ టీచర్. 317 జీవో బదిలీల్లో ఆమె ఇక్కడ పడింది, నేను అక్కడ పడ్డాను. ఆదివారాల మొగుణ్ణి.

అంతా చెప్పాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. లేచి అల్మారాకు అంటించిన పేపరు కటింగ్ ఊడదీసి, మడిచి, నా చొక్కా జేబులో పెట్టింది. రంధ్రం మూసినవని కాదు నా కోపం, అది తెల్వక చేసినవ్ అంది. తెలిసే చేశాను అన్నాను. సరే అదీ పోనీ అంది. గా ముసలామెను మాటల్ల పెట్టుమంటె పెట్టినవ్ సూడు, నేను తినే కంచంల చెయ్యి కడిగినట్టున్నది అంది.

మధ్యాహ్నం రోడ్డు మీదికి వెళితే వరసగా బొగ్గు లారీలు. దుమ్ముకు దగ్గు పట్టుకుంది. పది నిమిషాలు ఆగలేదు. సుజాత మంచినీళ్లిచ్చింది. ఇక్కడ దగ్గితే ఎవరూ పట్టించుకోరు.

రేపు చెప్పేస్తాను.

నవంబర్ 25

చెప్పలేదు.

నవంబర్ 26

పేపర్లు దిద్దాలి. ఇవాళ కుదరలేదు.

నవంబర్ 28

ఊళ్లో గంగి గడ్డి ఎవరూ తీసుకోవడం లేదు. ఆమె వీధిలోకి వస్తే పశువులను లోపల కట్టేస్తున్నారు. ఇది మా హెడ్‌మాస్టర్ లంచ్‌లో నవ్వుతూ చెప్పాడు.

డిసెంబర్ 1

వాపు తగ్గింది. బర్రె మేత మేస్తోంది. మూడు చన్నులకే పాలు. నాలుగోది ఎండిపోయింది, ఇక రాదని డాక్టరు చెప్పాడు. మందులకు తగ్గింది. పుష్పమ్మ మాత్రం మన్ను కాల్చినంక తగ్గింది అంటోంది. విరిగిన చేత్తోనే మళ్లీ పిండుతోంది, మూలుగుతోంది. మిషన్ నా మంచం కింద ఉంది.

డిసెంబర్ 3, ఉదయం

చెప్పాను. పుష్పమ్మ ముందు మిషన్ పెట్టి, రంధ్రం చూపించి, ఎంసీల్ ఎక్కడ పెట్టానో, ఎప్పుడు గీకేశానో అన్నీ చెప్పాను. తప్పు నాది, గంగిది కాదు అన్నాను. పదిహేను రోజులుగా ఛాతీలో ఉన్న రాయి జారినట్టనిపించింది. ఒక్క నిమిషం.

పుష్పమ్మ నా వైపు జాలిగా చూసింది. నీ మనసు మంచిది సారూ అంది. నువ్వు దిష్టి లేదంటవ్, ఎప్పుడూ అంటవ్, పేపర్ల గుడ అన్నవ్. ముసల్ది ఆగమైతున్నదని తప్పు నీ మీదేసుకుంటున్నవ్, నాకు ఎరుకలేదా అంది.

కాదు పుష్పమ్మా, నిజంగా అన్నాను.

మరి మిరపకాయలకు దగ్గెందుకు రాలే? నువ్వు గుడ ఆడనే ఉంటివి గద, నీకచ్చిందా?

వచ్చింది, ఆపుకున్నాను అన్నాను.

ఆమె నిజంగానే నవ్వింది. దగ్గు ఎవలన్న ఆపుకుంటరా సారూ అంది. చల్లబడిపోతుందని నా చేతికి టీ గ్లాసు ఇచ్చింది.

సాయంత్రం

తండాకు వెళ్లాను. గంగి ఇంటికి తాళం. కొత్త సున్నం తెల్లగా మెరుస్తోంది.

పక్కింటాయన చెప్పాడు. ఊళ్లో మాట పుట్టాక కూతుర్ని కాన్పుకు తెచ్చుకోలేదట. ప్రియ మరిపెడలోనే కన్నది, ఆడపిల్ల. చేసేవాళ్లు లేరని అల్లుడే వచ్చి గంగిని పట్టుకపోయాడు. తుల్సీరాం నంబరు ఇచ్చాడు.

బండి మీద కూర్చుని అక్కడే ఫోన్ చేశాను. పాల మిషన్ సార్ గదా, ఎరుకే అన్నాడు తుల్సీరాం. కోపంగా అనలేదు. మా అత్త అన్ని పనులు చేస్తది సార్, వండుతది, బట్టలుతుకుతది. పిల్లను మాత్రం చూడది. కొంగు మొగం మీదికి గుంజుకుని గోడ దిక్కు తిరిగి కూసుంటది. నా కండ్లు మంచియి కావు, బర్రె చన్ను ఎండబెట్టినయి, చూస్తే నా బిడ్డ పాలు గుడ ఎండుతయి అంటది. ప్రియ ఏడుస్తుంది సార్ అన్నాడు.

పిల్ల పుట్టి ఎన్ని రోజులైంది అని అడిగాను.

తొమ్మిది.

డిసెంబర్ 8, ఆదివారం, తొర్రూరు బస్టాండ్

బండి ఆపి టీ చెప్పాను. ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి.

పొద్దున్నే మిషన్, బ్యాటరీ బండికి కట్టుకుని మరిపెడ దాటి వెళ్లాను. గంగి అరుగు మీద గోడవైపు తిరిగి బియ్యం ఏరుతోంది. లోపల పిల్ల ఏడుపు. నా గొంతు వినగానే కొంగు ఇంకా కిందికి లాక్కుంది. నాకు కూడా దిష్టి తగలకుండా.

దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చాను. పీడనం, వాల్వ్, పల్సేషన్. పుష్పమ్మ దగ్గర అవే చెప్పి ఓడిపోయాను కదా. అందుకే ఏమీ చెప్పకుండా, తుల్సీరాం చూస్తుండగా, రంధ్రానికి ఎంసీల్ పెట్టాను, నవంబర్ పద్నాలుగున పెట్టినట్టే. గట్టిపడేదాకా ఆగాను. నా కుడి బొటనవేలు సిరంజి గొట్టంలో పెట్టి స్విచ్ వేశాను.

ఇదే అవ్వా బర్రెకు పెట్టింది, చూడు అన్నాను. చూడలేదు. టక్ టక్ అంటోంది. మూడు నిమిషాలకు వేలు ఉబ్బింది. ఐదుకు ఎర్రబడింది. ఆరు దాటాక ఊదారంగు వచ్చింది, వేలి మొదలు దగ్గర రింగు పడింది. నొప్పికి నేను మూలిగాను, పుష్పమ్మ మూలిగినట్టే. సార్ ఇగ చాలు, తియ్యుండ్రి అన్నాడు తుల్సీరాం. తీయలేదు.

అప్పుడు గంగి తిరిగింది. కొంగు తీసి నా వేలు చూసింది. చటుక్కున వచ్చి గొట్టం ఊడబీకింది. పిచ్చిగిట్ల లేసిందా నీకు అని తిట్టింది. నా వేలు పట్టుకుని చాలాసేపు చూసింది. గోరు కింద నల్లగా నెత్తురు.

బర్రెకు గిట్లనే అయిందా అని అడిగింది. గిట్లనే అయింది, నేనే చేశాను, నాకు ఆ రోజే తెలుసు అన్నాను. పొగలో దగ్గు ఆపుకున్న సంగతి కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు.

ఆ పొద్దు నువ్వు నా బిడ్డ గురించి అడుగుతుంటె, సారుకు మా మీద ఎంత పాయిరమో అనుకున్న అంది. అంతే. తిట్టినా బాగుండేది.

చేతులు జోడించాను. ఎంత ఏడ్చానో తుల్సీరాంను అడగాలి.

పిల్లను చూడవ్వా ఇప్పుడైనా అన్నాను. గంగి లోపలికి తల తిప్పబోయి ఆగింది. నీ మిషన్దే తప్పు కావొచ్చు సారూ, కని కుండ లెక్కున్నదని అన్నది గుడ నేనే గదా అంది. కొంగు మళ్లీ మొహం మీదికి లాక్కుని బియ్యం చేట ఒళ్లో పెట్టుకుంది.

డిసెంబర్ 9

విలేకరికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఇది వార్త కాదు సార్ అన్నాడు.

స్కూల్ అసెంబ్లీలో చెప్పాను. హెడ్‌మాస్టర్ తరవాత పిలిచి పరువు గురించి మాట్లాడాడు.

పుష్పమ్మ నా బొటనవేలు చూసింది. గోరు చుట్టూ తిప్పి తిప్పి చూసింది. కొట్టంలోకి వెళ్లి బర్రె చన్ను చూసింది. తిరిగొచ్చి, అరుగు మీద ఇరవై రోజులుగా బోర్లించి ఉన్న గంగి గిలాసను తోమి లోపల పెట్టింది. నాకు టీ ఇవ్వలేదు.

డిసెంబర్ 12, ఉదయం 7:05

తుల్సీరాం ఫోన్ చేశాడు. ఇవాళ పొద్దున గంగి పిల్లను చూసిందట. ఒక కన్ను అరచేత్తో మూసుకుని, రెండో కంటితో.

ఏ కన్ను అని అడిగాను, దిష్టి లేదని చెప్పే నేనే.